ఎక్కించిన టీ కణాలు గడ్డ (ట్యూమర్) దాకా ఎట్టా పోతాయి? మొదటి గంట నుంచి నెల దాకా లెక్క కావాలి

సింహపురి_టీచర్
ఎమ్మెస్సీ రెండో ఏడాది వాళ్లకు కార్-టీ (క్యాన్సర్‌ను గుర్తుపట్టే జన్యువు పెట్టిన టీ కణాలు, అంటే ఒక రకం తెల్లకణాలు), టిల్ (రోగి గడ్డలోంచే తీసి పెంచిన టీ కణాలు) చికిత్సల మీద రెండు క్లాసులున్నాయి. చేతిలో ఉన్న స్లైడులో చేతి సిర నుంచి ఒకే బాణం తిన్నగా లివర్‌లోని గడ్డ మీదకు గీసి ఉంది. అది తప్పని తెలుసు. దాని బదులు ఏం గీయాలన్నదే ప్రశ్న. మొదటి గంట, మొదటి రోజు, మొదటి వారం, ఆ తర్వాత నెల: కణాలు ఎక్కడుంటాయి, ఎన్నుంటాయి, ఆ సంగతి ఎట్ట కొలుస్తారు? తెలిసినవాళ్లు అంకెలతో రాయండి. "ఇమ్యూనిటీ పెరుగుద్ది" లాంటి వాట్సాప్ మాటలు వద్దు.

పెన్నా_తీరం
మేడమ్, మొదటి బాణం ఊపిరితిత్తుల మీదకు గీయండి. చేతి సిరలో ఎక్కించింది ఏదైనా గుండె కుడి గదులకు, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు పోవాల్సిందే, ఇంకో దోవ లేదు. అక్కడి కేశనాళికల లోపలి వెడల్పు 5 నుంచి 8 మైక్రాన్లు. రక్తంలో ఊరికే తిరుగుతుండే లింఫోసైటు 6–8 మైక్రాన్లు ఉంటుంది, నలిగి సన్నబడి జారిపోతుంది. మనం ఎక్కించేవి ఆ రకం కావు. సీడీ3, సీడీ28 పూసలతో రెచ్చగొట్టి, ఐఎల్-2 (కణాలను పెంచే ప్రొటీను) పోసి రోజుల తరబడి పెంచినవి. 10–12 మైక్రాన్లకు ఉబ్బి ఉంటాయి. పైగా వాటి ఒంటి మీద ఎల్ఎఫ్ఏ-1 అనే అతుక్కునే ప్రొటీను తెరుచుకొని ఉంటుంది. దాని జోడీ ఐకామ్-1 ఊపిరితిత్తుల నాళాల గోడల మీద మామూలు రోజుల్లోనే దండిగా ఉంటుంది. సందు ఇరుకు, గోడ జిగురు. ఇంకేముంది, మొదటి గంటల్లో ఎక్కువ భాగం అక్కడే ఇరుక్కుంటుంది.

తర్వాత మెల్లగా విడిపించుకొని, సుమారు ఒక రోజు తిరిగేసరికి లివర్, ప్లీహం, ఎముక మజ్జల్లోకి సర్దుకుంటాయి. 1980ల చివర్లో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల సొంత టిల్ కణాలకు ఇండియం-111 తగిలించి గామా కెమెరా కింద చూసినప్పుడు కనపడిన వరస ఇదే. ఇప్పటి పెట్ స్కాన్లలోనూ ఇదే వరస.

మార్కాపురం_పలక
అంతా వాళ్లూ వీళ్లూ పంచుకుంటే గడ్డ వంతు ఎంత?

పెన్నా_తీరం
మొదటి రోజుల్లో బహు తక్కువ. లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషిలో 50 గ్రాముల గడ్డ. ఒంటి బరువులో పన్నెండు వందల్లో ఒక వంతు. గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం తోస్తే అందులో గడ్డ గుండా పోయేది కొంచెం. పోయిన రక్తంలో ఉన్న కణాలన్నీ అక్కడ దిగవు కూడా, మెజారిటీ ఆగకుండా వెళ్లిపోతాయి. రక్తానికి గడ్డ ఎక్కడుందో తెలీదు గదా.

కోవూరు_కాలవ
మన దగ్గర పిల్లలకు చెప్పాలంటే పెన్నా మీది సోమశిల డ్యామ్ చెప్పండి మేడమ్. పైన వదిలిన నీళ్లు సంగం దగ్గర కొంత, కనిగిరి రిజర్వాయర్లో కొంత ఆగి, కాలవ చివరి చేలకు వచ్చేసరికి తడి మాత్రమే మిగులుద్ది. (కనిగిరి అంటే ప్రకాశం కనిగిరి కాదు, బుచ్చి దగ్గర రిజర్వాయరు. ప్రతిసారీ చెప్పాల్సొస్తుంది.) ఊపిరితిత్తులు సంగం, లివర్-ప్లీహం రిజర్వాయరు, గడ్డ చివరి మడి.

గామా_కౌంట్
పోలిక మొదటి మూడు రోజులకు బాగానే ఉంది, నాలుగో రోజుకు చెడుతుంది. కాలవలో నీళ్లు పిల్లలు పెట్టవు. టీ కణం లక్ష్యాన్ని తాకితే పెడుతుంది. అందుకే చివరి మడికి చేరిన చెంచాడు నీళ్లే వారానికి చెరువు కావచ్చు. వరి నారుమడి పోలికయితే కొంత నయం.

కోవూరు_కాలవ
ఒప్పుకున్నా. నారుమడే రాసుకోండి.

సింహపురి_టీచర్
ఊపిరితిత్తుల్లో కొన్ని గంటలు ఆగితే నష్టమేంది? విడిపోతాయంటున్నారు కదా?

పెన్నా_తీరం
మామూలుగా పెద్ద నష్టం లేదు. కానీ ఆ కణం వెతికే లక్ష్యం ఊపిరితిత్తుల్లోనూ కాస్తో కూస్తో ఉంటే? 2010లో ప్రచురించిన కేసు క్లాసులో తప్పకుండా చెప్పండి. పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కూ ఊపిరితిత్తులకూ పాకిన రోగికి హెర్2ను (కొన్ని క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రొటీను) గుర్తుపట్టే కార్-టీ కణాలు 1000 కోట్లు ఒకేసారి ఎక్కించారు. 15 నిమిషాల్లో ఊపిరి ఇబ్బంది మొదలైంది, 5 రోజులకు ఆ రోగి చనిపోయారు. ఊపిరితిత్తుల లోపలి పొర కణాల మీద కొద్దిపాటి హెర్2 ఉంటుంది, కణాలన్నీ మొదట పోయి ఆగేదీ అక్కడే. ఈ రెండూ కలిసిన ఫలితమే అదని రాసిన డాక్టర్ల వివరణ. అందుకే కొత్త లక్ష్యం మీద పని చేసేవాళ్లు మొదటి రోగికి చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచుతారు. "గడ్డలో ఎంత ఉంది" అని అడిగే ముందు "దోవలో ఎక్కడెక్కడ ఉంది" అని అడగాలి.

ఒంగోలు_బ్లడ్‌బ్యాంక్
ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవడానికి ఇంకో కారణం ఎవరూ రాయలేదు: గడ్డకట్టిన ముద్దలు. (ఇక్కడ "గడ్డ" అంటే ట్యూమర్ కాదు, సంచీలో కణాలు ఉండ చుట్టుకోవడం.) కణాల సంచీ లిక్విడ్ నైట్రోజన్ ఆవిరిలో, మైనస్ 130 డిగ్రీల కన్నా కింద నిలవ ఉండి వస్తుంది. మంచం పక్కన కరిగించేటప్పుడే సగం తప్పులు జరుగుతాయి.

సంచీని ఇంకో శుభ్రమైన కవరులో పెట్టి 37 డిగ్రీల నీళ్లలో కరిగించాలి. ఐసు కరిగిన వెంటనే బయటికి తీయాలి. ఐసంతా పోయాక కూడా అట్నే వదిలేస్తే వేడి మీద డీఎంఎస్ఓ (చల్లబరిచేటప్పుడు కణాలు దెబ్బతినకుండా కలిపే ద్రవం) కణాలను చంపుతుంది. చచ్చిన కణాల డీఎన్‌ఏ బయటికి వచ్చి జిగురు అవుతుంది, దానికి బతికినవీ అతుక్కుంటాయి. ముద్దలు కనపడితే సంచీని వేళ్లతో మెత్తగా పిసికి విడదీయాలి. విడిపోకపోతే ఎక్కించకుండా తయారుచేసిన వాళ్లకు ఫోన్ చెయ్యాలి.

ట్యూబును ముందు సెలైన్‌తో తడపాలి. తెల్లకణాలను పట్టే ఫిల్టర్ పెట్టకూడదు. రక్తం ఎక్కించే అలవాటులో చెయ్యి దాని మీదకే పోతుంది, పెడితే లక్షలు పోసి తయారుచేసిన మందు ఫిల్టర్‌లోనే మిగిలిపోతుంది. రేడియేషన్ చేసే రక్తం సంచుల వరసలో దీన్ని కలపకూడదు. ఎక్కించాక సంచీలో సెలైన్ పోసి కడిగి ఆ కడుగు కూడా పంపాలి, గోడలకు అంటుకున్న కణాలు తక్కువేం కాదు. ముందు మందుగా పారాసిటమాల్, అలర్జీ మాత్ర సరే. స్టెరాయిడ్ అలవాటుగా ఇవ్వకూడదు, అది టీ కణాలను అణిచేస్తుంది. ప్రాణం మీదకు వస్తే సంగతి వేరు.

ఎక్కించిన కాసేపటికి గదిలో వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. డీఎంఎస్ఓ ఊపిరితో బయటికి పోయే వాసన అది, కంగారు పడక్కర్లా.

మార్కాపురం_పలక
కణాలు ఎన్ని ఎక్కిస్తారు? ఒకరు లక్షలంటారు, ఒకరు కోట్లంటారు.

ఒంగోలు_బ్లడ్‌బ్యాంక్
రెండూ నిజమే. లింఫోమాకు ఇచ్చే ఒక కార్-టీ మందు మోతాదు కిలోకు 20 లక్షలు, మొత్తం 20 కోట్లు దాటకూడదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మెలనోమాకు అనుమతి వచ్చిన టిల్ మందు లిఫిలూసెల్‌కు 750 కోట్ల నుంచి 7200 కోట్ల దాకా. టిల్‌లో గడ్డను గుర్తుపట్టేవి కొన్నే, మిగతావి వెంట వచ్చిన జనం. అందుకే అంత పెద్ద అంకె.

కావలి_పీసీఆర్
ఆ 20 లక్షల లెక్కను రక్తం దాకా లాగి చూడండి, ఎవరి స్లైడు తప్పో తేలుద్ది.

60 కిలోల మనిషికి 12 కోట్ల కణాలు. రక్తం 5 లీటర్లు, అంటే 50 లక్షల మైక్రోలీటర్లు. కణాలన్నీ రక్తంలోనే ఉండిపోతే మైక్రోలీటరుకు 24 కనపడాలి. ఎక్కించిన తర్వాతి రెండు మూడు రోజుల్లో తీసిన నమూనాల్లో అన్ని ఉండవు, అంకె పడిపోతుంది. చచ్చినవి కొన్ని, అవయవాల్లోకి దిగినవి ఎక్కువ. ఇది పంపిణీ దశ. తర్వాత లక్ష్యం దొరికినవి విభజన మొదలుపెట్టి, రక్త క్యాన్సర్లలో సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య శిఖరానికి వస్తాయి. ఆ రోజు మైక్రోలీటరుకు 40 ఉన్నాయనుకోండి, రక్తంలోనే 20 కోట్లు అయినట్టు. ఎక్కించినవే 12 కోట్లు. ఆ పైన ఒంటిలోని లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి నూటికి 2 మాత్రమే, మిగతావి ప్లీహం, మజ్జ, నోడ్స్, పేగు గోడల్లో ఉంటాయి. కాబట్టి రక్తం రిపోర్టు అంటే కిటికీలోంచి కనపడేంత మేర, ఇల్లంతా కాదు.

ఇక క్యూపీసీఆర్ (జన్యువు కాపీలు లెక్కపెట్టే పరీక్ష) రిపోర్టు చదివేటప్పుడు మోసపోయే చోటు. అందులో "మైక్రోగ్రాము డీఎన్‌ఏకు ఇన్ని కాపీలు" అని ఉంటుంది. ఒక మనిషి కణంలో డీఎన్‌ఏ సుమారు 6.6 పికోగ్రాములు. అంటే ఒక మైక్రోగ్రాము సుమారు లక్షన్నర కణాలది. 15,000 కాపీలు వచ్చి, కణానికి ఒక కాపీ అయితే నూటికి 10 కణాలు కార్-టీ. కణానికి సగటున 3 కాపీలు దూరి ఉంటే నూటికి 3 మాత్రమే. తయారీ రిపోర్టులో ఆ సగటు ఉంటుంది, అది పక్కన పెట్టుకోకుండా కాపీలను కణాలుగా మార్చకండి.

ఇంకోటి. కీమో ఇచ్చాక తెల్లకణాలు మైక్రోలీటరుకు 200కు పడిపోయిన రోజు నూటికి 10 అంటే 20 కణాలు. అవే తెల్లకణాలు 5,000కు తిరిగొచ్చిన రోజు నూటికి 10 అంటే 500. పీసీఆర్ అంకె రెండు రోజులూ ఒకటే, అసలు కణాలు 25 రెట్లు తేడా! ఫ్లో సైటోమెట్రీతో (కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పరీక్ష) నేరుగా లెక్క పెట్టించండి, లేదా తెల్లకణాల లెక్కతో గుణించండి.

సింహపురి_టీచర్
ఇది బోర్డు మీద చేయిస్తా. ఇప్పుడు అసలు ప్రశ్న. రక్తనాళం లోంచి గడ్డలోకి దిగడం ఎట్ట?

పెన్నా_తీరం
నాలుగు పనులు వరసగా జరగాలి, ఒకటి తప్పినా కణం కొట్టుకుపోతుంది.

రక్తం వేగంగా పోతుంటుంది. ముందు కణం నాళపు గోడకు తగిలి దొర్లాలి. గోడ మీది సెలెక్టిన్లు దాన్ని పట్టీ పట్టనట్టు పట్టుకుంటాయి. దొర్లేటప్పుడు గోడ మీద అంటించి ఉన్న కెమోకైన్ (కణాలను పిలిచే ప్రొటీను) వాసన తగలాలి. కణం మీద దానికి సరిపడే రిసెప్టర్ ఉంటేనే సంకేతం లోపలికి పోతుంది. ఆ సంకేతంతో ఎల్ఎఫ్ఏ-1, వీఎల్ఏ-4 లాంటి ఇంటెగ్రిన్లు బిగుసుకొని గోడ మీది ఐకామ్-1, వీకామ్-1లను గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు కణం నిలబడుతుంది. ఆఖరికి గోడ కణాల సందులోంచి దూరి అవతలికి దిగుతుంది.

గడ్డలో ఏం చెడుతుందో ఇప్పుడు సులువుగా అర్థమవుద్ది. గడ్డ వీఈజీఎఫ్ దండిగా వదిలి కొత్త నాళాలు పుట్టిస్తుంది. అదే వీఈజీఎఫ్ ఆ నాళాల గోడ మీద ఐకామ్-1, వీకామ్-1లను తగ్గిస్తుంది. అండాశయ క్యాన్సర్లో గోడ మీది ఎండోథెలిన్-బి రిసెప్టర్ ఐకామ్-1ను గుంపు కట్టనివ్వకుండా అడ్డుపడుతుందని 2008లో చూపారు. కొన్ని గడ్డల్లో నాళపు గోడే ఫాస్-లిగాండ్ చూపి, దిగబోయిన సీడీ8 కణాన్ని (చంపే రకం టీ కణం) అక్కడే చంపేస్తుంది. తలుపు లేకపోవడం వేరు, తలుపే కరవడం వేరు.

రిసెప్టర్ల సంగతి. బాగా రెచ్చగొట్టిన సీడీ8 కణం మీద సీఎక్స్‌సీఆర్3 ఉంటుంది, అది సీఎక్స్‌సీఎల్9, 10 వాసనకు పోతుంది. గడ్డ ఆ రెండూ తక్కువ చేసి, ఐఎల్-8, సీసీఎల్2, సీసీఎల్22 లాంటివి వదులుతుంటే? వాటికి న్యూట్రోఫిళ్లు, మోనోసైట్లు, అణిచే రకం టీ కణాలు వస్తాయి, మనవి రావు. పోస్టు సరిగ్గా పడాలంటే పిన్‌కోడ్ మార్చాలి. అందుకే కార్‌తో పాటు ఇంకో జన్యువు కూడా పెడుతున్నారు: ఐఎల్-8 వాసనకు సీఎక్స్‌సీఆర్1 లేదా సీఎక్స్‌సీఆర్2, న్యూరోబ్లాస్టోమాలో సీసీఎల్2కు సీసీఆర్2బి, హాడ్జ్‌కిన్‌లో సీసీఎల్17కు సీసీఆర్4. ఎలుకల్లో గడ్డకు చేరే సంఖ్య పెరిగింది. చేరిన ప్రతిదీ పని చేస్తుందని మాత్రం అనుకోకండి.

మార్కాపురం_పలక
దిగితే గెలిచినట్టేనా?

పెన్నా_తీరం
గోడ దిగాక గడ్డ చుట్టూ కొల్లాజెన్ దడి ఉంటుంది. చాలా గడ్డల్లో టీ కణాలు ఆ దడి బయటే గుమికూడి ఉంటాయి, లోపల క్యాన్సర్ గూళ్లలోకి పోవు. టీజీఎఫ్-బీటా ఆ దడిని ఇంకా బిగిస్తుంది. ఇక్కడ మనం చేసిన పాపం కూడా ఒకటుంది: వారాల తరబడి డిష్షులో పెంచిన టీ కణాలు హెపరనేజ్ అనే ఎంజైమును పోగొట్టుకుంటాయి. దడిలోని హెపరాన్ సల్ఫేటును కోసే కత్తి అది. 2015లో ఆ జన్యువును తిరిగి పెడితే ఎలుకల్లో కణాలు లోపలికి దూరాయి. అట్నే ఎక్కువ రోజులు పెంచితే సీడీ62ఎల్, సీసీఆర్7 కూడా పోతాయి. ఆ రెండూ లేనిది లింఫ్ నోడ్‌లోకి పోలేదు, ఎక్కువ కాలం బతకదు. సంచీలో కణాల సంఖ్య కోసం రోజులు పెంచితే దోవ తెలిసిన కణాలు తగ్గుతాయి. నా మటుకు తక్కువ రోజుల తయారీకే ఓటు.

ఒంగోలు_బ్లడ్‌బ్యాంక్
ఒప్పుకోను. టిల్‌లో తక్కువ రోజులంటే కుదరదు. గడ్డ ముక్కలోంచి వచ్చేవే గుప్పెడు.

పెన్నా_తీరం
కార్-టీకి అన్నానన్నా, టిల్‌కు కాదు. అక్కడ మీ మాటే.

గామా_కౌంట్
ఎట్ట చూస్తారన్నది నా వంతు. రెండు దారులు.

మొదటిది: ఎక్కించే ముందే కణాలకు ఐసోటోపు పూయడం. ఇండియం-111 ఆక్సీన్ అర్ధాయుష్షు 2.8 రోజులు, గామా కెమెరాకు. జిర్కోనియం-89 ఆక్సీన్ 3.3 రోజులు, పెట్‌కు. మన ఊళ్లలో ఇన్‌ఫెక్షన్ వెతకడానికి తెల్లకణాలకు టెక్నీషియం-99ఎం హెచ్‌ఎంపీఏఓ తగిలించి తీసే స్కాన్ తెలిసిన వాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడా మొదట ఊపిరితిత్తులు, తర్వాత ప్లీహం, లివర్ వెలుగుతాయి. కానీ టెక్నీషియం 6 గంటలకే సగమవుతుంది, టీ కణం ప్రయాణానికి చాలదు.

పూత దారిలో మూడు బొక్కలు. కణం ఒకసారి విభజిస్తే గుర్తు సగం, మూడుసార్లు విభజిస్తే ఎనిమిదో వంతు. అంటే బాగా పనిచేసే కణమే ముందు కనపడకుండా పోతుంది. రెండు, కణం చస్తే ఐసోటోపు చావదు, లివర్‌లోని మాక్రోఫేజ్‌లు మింగుతాయి. ఐదో రోజు లివర్ వెలుగు చూసి "కణాలు లివర్‌లో సుఖంగా ఉన్నాయి" అని రాసినవాళ్లున్నారు; అందులో ఎంత భాగం శవాలో ఫొటో చెప్పదు. మూడు, ఇండియం వదిలే ఆజే ఎలక్ట్రాన్లు కణం లోపలే కాలుస్తాయి. లింఫోసైట్లు రేడియేషన్‌కు సున్నితం. ఎక్కువ పూస్తే మంచి ఫొటో, చచ్చిన మందు. పూసిన కణాల్లో కొన్నింటిని తీసి 24 గంటలు డిష్షులో ఉంచి బతికినవి ఎన్నో, విభజిస్తున్నాయో లేదో చూడని ప్రయోగాన్ని నమ్మకండి.

రెండో దారి రిపోర్టర్ జన్యువు. కార్‌తో పాటే ఇంకో జన్యువు పెడితే పిల్లకణాలకూ వస్తుంది, గుర్తు పలచబడదు. హెర్పిస్ వైరస్ థైమిడిన్ కైనేజ్ పెట్టిన టీ కణాలను ఫ్లోరిన్-18 ఎఫ్‌హెచ్‌బీజీ ఇచ్చి మెదడు గడ్డ రోగుల్లో పెట్ స్కానులో చూశారు. ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు 110 నిమిషాలే అయినా, కావలసిన రోజు మళ్లీ ఇచ్చి చూడొచ్చు. చిక్కేమిటంటే కైనేజ్ వైరస్‌ది కాబట్టి రోగి ఒళ్లు దాన్నే శత్రువుగా పట్టి ఆ కణాలను చంపొచ్చు. ఇప్పుడు మనిషి సొంతవైన అయోడైడ్ రవాణా ప్రొటీను, పీఎస్ఎంఏ లాంటివి వాడుతున్నారు. అయోడైడ్‌ది అయితే థైరాయిడ్, పొట్ట, లాలాజల గ్రంథులు ఎట్లాగూ వెలుగుతాయి, గడ్డ వాటి పక్కన ఉంటే లాభం లేదు.

ఎలుకల_రూము
ఎలుకల ఫలితాలు పిల్లలకు చూపేటప్పుడు ఒక హెచ్చరిక జత చేయండి. మనిషి టీ కణాలను ఎన్‌ఎస్‌జీ ఎలుకలోకి ఎక్కిస్తారు. ఆ ఎలుకకు సొంత రోగనిరోధక కణాలు దాదాపు ఉండవు, సరైన లింఫ్ నోడ్స్ కూడా ఉండవు. మనిషి కణం మీది ప్రొటీన్లలో కొన్ని ఎలుకలోని జోడీలను సరిగా పట్టుకోవు. సగం తలుపులు ముందే పోయాయి. పంపిణీ గురించి ఆ ఎలుక చెప్పేది సగం నమ్మండి.

తోక సిరలో 200 మైక్రోలీటర్లు, నిదానంగా. ఎక్కించిన నిమిషానికి ఎలుక ఊపిరి అందక పడిపోతే విషం కాదు, ముద్దలు. 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, ఎక్కించే ముందు ట్యూబును రెండుసార్లు తలకిందులు చేయండి. లూసిఫరేజ్ (కణాల్లో పెట్టే వెలుగు ఎంజైము) వెలుగు చూసేవాళ్లు దానికి మేత అయిన లూసిఫెరిన్ కిలోకు 150 మైక్రోగ్రాములు పొట్టలోకి ఇచ్చి 10–15 నిమిషాలకు ఫొటో తీయాలి. రక్తం వెలుగును మింగుతుంది కాబట్టి లివర్, ప్లీహంలోని కణాలు ఉన్నదానికన్నా తక్కువగా, చర్మం కింది గడ్డలోనివి ఎక్కువగా కనపడతాయి.

మార్కాపురం_పలక
అంత దూరం తిప్పేకన్నా గడ్డ పక్కనే పోస్తే పోలా?

పెన్నా_తీరం
పోస్తున్నారు. గ్లియోబ్లాస్టోమాలో (ఒక మెదడు క్యాన్సర్) గడ్డ తీసిన గుంతలోకి, మెదడు గదుల్లోకి. ఊపిరితిత్తుల పొర క్యాన్సర్లో ఛాతీ కుహరంలోకి. లివర్ గడ్డలకు హెపాటిక్ ధమనిలోకి. ఎలుకల్లో ఛాతీ కుహరంలోకి పోసినప్పుడు సిరలో ఇచ్చే మోతాదులో ముప్పయ్యో వంతుతోనే పని జరిగింది. ఊపిరితిత్తుల సంగం బ్యారేజీ తప్పుతుంది, అక్కడే లక్ష్యాన్ని తాకి పెరిగినవి తర్వాత రక్తంలోకీ వస్తాయి. అయితే గడ్డలు ఒంటినిండా చెదిరి ఉంటే ఎన్ని చోట్ల పొడుస్తారు? గొట్టం పెట్టే చోట ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం ముప్పు కూడా ఉంది.

ఎక్కించే ముందు ఇచ్చే కీమో గురించి రెండు ముక్కలు. కార్-టీకి ఫ్లూడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ మూడు రోజులు, టిల్‌కు ఇంకా గట్టిగా. ఇది గడ్డను కరిగించడానికి కాదు. ఒంట్లో ఉన్న లింఫోసైట్లు ఐఎల్-7, ఐఎల్-15 అనే పెంచే ప్రొటీన్లను తాగేస్తుంటాయి. వాటిని ఖాళీ చేస్తే కొత్తగా వచ్చినవాటికి మేత దొరుకుతుంది.

సింహపురి_టీచర్
బోర్డు ఇట్టా గీస్తున్నా. చేతి సిర నుంచి ఊపిరితిత్తులకు లావు బాణం, "గంటలు" అని. అక్కణ్ణుంచి లివర్, ప్లీహం, మజ్జలకు మూడు బాణాలు, "1 నుంచి 3 రోజులు". గడ్డకు సన్నటి చుక్కల బాణం. గడ్డ దగ్గర గుండ్రంగా తిరిగే బాణం, "విభజన, 7 నుంచి 14 రోజులు", అక్కణ్ణుంచి వెనక్కి రక్తంలోకి ఒకటి.

గామా_కౌంట్
లివర్ బాణం కొసన ఒక కొట్టివేత గుర్తు పెట్టండి, చచ్చినవి పోయే చోటూ అదే. 7–14 అన్నది రక్త క్యాన్సర్లది అని చిన్నగా రాయండి, గట్టి గడ్డల్లో శిఖరం అంత ఎత్తుకు రాదు.

కావలి_పీసీఆర్
పైన ఎలుకల రూము వాళ్లు లూసిఫెరిన్ మైక్రోగ్రాములని రాశారు. మిల్లీగ్రాములు. కిలోకు 150 మి.గ్రా. 20 గ్రాముల ఎలుకకు 3 మి.గ్రా., అంటే 15 మి.గ్రా./మి.లీ. ద్రావణంలో 200 మైక్రోలీటర్లు. మైక్రోగ్రాములు ఇస్తే కణాలున్నా ఫొటో నల్లగా వస్తుంది.

ఎలుకల_రూము
అవును, మిల్లీగ్రాములే. పైన దిద్దడానికి ఎడిట్ సమయం దాటిపోయింది, కాపీ చేసుకునేవాళ్లు కావలి పోస్టు చూడండి.